పహణి రాసే చెయ్యి

మైసూరులో ఇంగ్లీషు రెసిడెంటుగా పనిచేసిన మార్క్ విల్క్స్, 1810లో అచ్చయిన తన దక్షిణ భారత చరిత్రలో, రాజుల యుద్ధాలు చెబుతూ చెబుతూ ఒకచోట ఆగి ఒక గుడ్డ పుస్తకాన్ని వర్ణించాడు. వెడల్పు అడుగుకు మించదు. పొడవు మాత్రం పన్నెండు నుంచి పద్దెనిమిది అడుగులు. నూలు గుడ్డకు రెండు వైపులా బొగ్గుపొడి కలిపిన జిగురు పట్టించి, ఆరాక మడతలు మడతలుగా మడిచి, అటూ ఇటూ చెక్క అట్టలు పెడతారు. ఆ నల్లటి మడతల మీద బలపంతో రాస్తారు. దాని పేరు కడితం. తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాసుకోవచ్చు. తుడవకుండా జాగ్రత్త చేస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది. శృంగేరి మఠంలో దాచిన కడితాలు ఇరవయ్యో శతాబ్దంలో చరిత్రకారుల చేతికి అందాయి కూడా.

ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే అది తుడిచి రాయగల మెమరీ. పాస్‌వర్డు లేదు. కాపలా అంటూ ఉంటే అది శానుభోగుడు ఒక్కడే.

శానుభోగుడంటే ఊరి భూముల లెక్క రాసేవాడు. కర్ణాటక సరిహద్దు దాటి ఆంధ్రలోని హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు పోతే అదే పనికి కరణం అని పేరు. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం కొత్త సంగతి కాదు. ఎవరి చేను ఎంత, ఏ చెరువు కింద ఎంత మాగాణి, ఏ చేను బీడు పడింది, ఎవరు ఎంత బాకీ, ఇవన్నీ ఊళ్లో అందరూ తెలుగులో మాట్లాడుకునే సంగతులే. రాతలోకి ఎక్కేటప్పుడు మాత్రం అవి ఒక మనిషి చేతి మీదుగా వెళ్లాలి. ఆ చెయ్యి రాసిందే సర్కారుకు తెలిసేది. ఈ మూడు తాలూకాల్లోకి కంప్యూటరు ఎలా వచ్చిందో చెప్పాలంటే బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీల దగ్గర మొదలుపెట్టి లాభం లేదు. ఆ చెయ్యి ఎన్నిసార్లు మారిందో, మారిన ప్రతిసారీ ఎవరికి ఏం దక్కిందో చూడాలి.

కడితానికి ముందు రాయి ఉంది. శాసన పరిశోధకుడు బి. ఎల్. రైస్ కోలారు జిల్లా శాసనాలన్నీ ఏరి 1905లో ఎపిగ్రాఫియా కర్ణాటికా పదో సంపుటంగా వేశాడు. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి అప్పుడు కోలారు జిల్లాలోవే. 2007లో గానీ చిక్కబళ్లాపురం విడి జిల్లా కాలేదు. ఆ సంపుటంలో కన్నడ శాసనాల పక్కనే తెలుగువి, తమిళంవి ఉన్నాయి. తాలూకాల వారీగా, ప్రతి రాతికీ ఒక నంబరు. ఈ ప్రాంతపు భూమి సంగతులకు నంబర్లు వేసి, వెతుక్కునేందుకు వీలుగా అమర్చిన తొలి పట్టికల్లో దాన్నీ లెక్కపెట్టొచ్చు. శాసనాల్లో ఎక్కువగా కనిపించేవి దానాలే. గుడికిచ్చిన పొలం, పోరులో పడ్డ వీరుడి వారసులకిచ్చిన పొలం, చెరువు కట్టించినవాడికి దాని కిందే ఇచ్చిన కట్టుకొడగి మాన్యం. రాతి మీద రాస్తే తుడవడం కుదరదు. అందుకే కాబోలు, మార్చినవాడికి పాపం తగులుతుందని చివర్లో శాపవాక్యం చెక్కేవారు. నాటి డేటా భద్రత అది.

రాయి శాశ్వతమే గాని రోజువారీ లెక్కకు పనికిరాదు. శిస్తు ఏటా మారుతుంది, పంట మారుతుంది, మనిషి చచ్చిపోతాడు, కొడుకులు పంచుకుంటారు. ఆ కదిలే లెక్కంతా కడితంలోకి, తాటాకులోకి, తర్వాత కాగితంలోకి చేరింది. 1831లో మైసూరు పాలన ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లాక కాగితం పెత్తనం పెరిగింది. 1863లో బొంబాయి పద్ధతిలో రెవెన్యూ సర్వే మొదలై, గొలుసులు పట్టుకుని పొలాలు కొలిచి ఒక్కో తునకకూ సర్వే నంబరు ఇచ్చారు. అప్పటిదాకా 'మర్రిచెట్టు పక్క చేను' అన్నదానికి ఒక అంకె వచ్చింది, దాని కింద ఎకరాలూ గుంటలూ వచ్చాయి. నలభై గుంటలు ఒక ఎకరం. ఈ లెక్క ఇవాళ్టికీ ఇక్కడి మనుషుల నోట్లో ఉంది. కంప్యూటరు రావడానికి నూట నలభై ఏళ్ల ముందే భూమి అంకెల్లోకి మారిపోయింది. తర్వాతి యంత్రాలకు ఆ పని తేలికైంది అందుకే.

అంకెలు వచ్చినంత మాత్రాన శానుభోగుడు పోలేదు. పైగా గట్టిపడ్డాడు. పుస్తకాలు ఆయన ఇంట్లోనే ఉండేవి, ఉద్యోగం తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. రైతుకు నకలు కావాలంటే ఆయన అరుగు మీద కూర్చోవాలి. అందరు శానుభోగులూ చెడ్డవాళ్లని చెప్పడం అన్యాయం. ఊరి తగువులు కోర్టుకెక్కకుండా ఆపినవాళ్లూ ఉండి ఉంటారు. కానీ మంచితనం మీద ఆధారపడ్డ ఏర్పాటులో బలహీనుడికి ఎప్పుడూ నష్టమే.

మైసూరు రాష్ట్ర ప్రభుత్వం 1961లో గ్రామోద్యోగాల రద్దు చట్టం చేసింది. అది 1963 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చింది. వంశపారంపర్యంగా అనుభవిస్తున్నవాళ్లు ఊరుకోలేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, 1966లో కోర్టు చట్టమే సరైందని తేల్చింది. శానుభోగుడి చోట జీతం మీద, బదిలీ అయ్యే గ్రామ లెక్కాధికారి వచ్చాడు. సరిహద్దుకు అవతల ఆంధ్రప్రదేశ్‌లో కరణీకం ఇంకో ఇరవై ఏళ్లు నడిచింది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో దాన్ని రద్దు చేసింది. బాగేపల్లి నుంచి సరిహద్దు దాటి పెళ్లి చేసుకుని పోయిన ఆడపడుచు ఇంట్లో కరణం మాట చెల్లుతుండగా, ఆమె పుట్టింట్లో అది పాతకథ అయిపోయింది.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి చెప్పుకోవాలి. అది తెలియకపోతే మిగతాదంతా గుమాస్తాల గొడవలా కనిపిస్తుంది. 1964 నాటి కర్ణాటక భూ రెవెన్యూ చట్టం 133వ సెక్షన్ ప్రకారం, పహణిలో, అంటే ఊరి భూమి రికార్డులో, ఏది రాసి ఉందో అదే నిజమని భావించాలి. కాదన్నవాడే రుజువు చూపాలి. పహణిలో తొమ్మిదో కాలం భూమి ఎవరిదో చెబుతుంది, పన్నెండో కాలం సాగు ఎవరు చేస్తున్నారో చెబుతుంది. 1974లో దేవరాజ అరసు ప్రభుత్వం భూసంస్కరణలను బిగించి, 1974 మార్చి 1 నాటికి కౌలులో ఉన్న భూములు ప్రభుత్వానికి దఖలు పడతాయని, దున్నేవాడు అర్జీ పెట్టుకుంటే అతనికే ఇస్తామని అన్నప్పుడు, ఆ పన్నెండో కాలంలో పేరుందా లేదా అన్నదాని మీద కుటుంబాల బతుకులు తేలాయి. ట్రిబ్యునల్ ముందు నిలబడ్డ కౌలుదారు ఎన్నేళ్లుగా దున్నుతున్నాడో ఊరందరికీ తెలుసు. కాగితానికి తెలుసా అన్నదే ప్రశ్న. ఏటా ఆ గడి నింపేది గ్రామ లెక్కాధికారి. బలపం పోయి కలం వచ్చింది, గడి మాత్రం ఎవరో ఒకరు నింపాల్సిందే.

ఇక కంప్యూటరు. భూమి రికార్డులను కంప్యూటర్లో ఎక్కించాలన్న కేంద్ర ప్రభుత్వ పథకం 1988–89లో దేశంలో ఎనిమిది జిల్లాల్లో ప్రయోగంగా మొదలైంది. వాటిలో తెలుగువారి జిల్లా రంగారెడ్డి. చాలాచోట్ల ఆ ప్రయత్నం డేటా ఎక్కించడం దగ్గరే చతికిలపడింది. కారణం సాంకేతికం కాదు. కంప్యూటర్లో ఒక ప్రతి, ఊళ్లో చేతిరాత ప్రతి, రెండూ చెల్లుతున్నంత కాలం మార్పులన్నీ చేతిరాత పుస్తకంలోనే జరిగేవి. ఏడాది తిరిగేసరికి కంప్యూటర్లోది చిత్తుకాగితం.

కర్ణాటక 'భూమి' పథకం ఆ ముడిని విప్పింది. మండ్య జిల్లా మద్దూరు తాలూకాలో మొదట చేసి చూశారు. రాజీవ్ చావ్లా అనే ఐఏఎస్ అధికారి దాన్ని నడిపించాడు. సాఫ్ట్‌వేర్ జాతీయ సమాచార కేంద్రం రాసింది. 2001, 2002 సంవత్సరాల్లో అది రాష్ట్రమంతా పరుచుకుంది. 67 లక్షల రైతులకు చెందిన 2 కోట్ల రికార్డులు, 177 తాలూకాలు. తాలూకా కార్యాలయంలో ఒక కౌంటరు, పదిహేను రూపాయలు, అచ్చు పహణి. అసలు ఎత్తు వేరే ఉంది: ఏ తాలూకాలో భూమి కేంద్రం తెరిచారో, ఆ తాలూకాలో చేతిరాత పహణి చెల్లదని ప్రకటించారు. రెండో ప్రతి అంటూ లేకపోయేసరికి, మార్పు రాయాలంటే కంప్యూటరు దగ్గరికి రాక తప్పలేదు.

అంతకుముందు రాష్ట్రంలో సుమారు 9,000 మంది గ్రామ లెక్కాధికారులు ఉండేవారు, ఒక్కొక్కరి కింద మూడు నాలుగు ఊళ్లు. పహణి నకలు కోసం మూడు రోజుల నుంచి నెల దాకా తిరగాల్సి వచ్చేదనీ, చేతులు తడపడం వంద రూపాయల దగ్గర మొదలై వేలకు పోయేదనీ ప్రపంచ బ్యాంకు అధ్యయనం రాసుకుంది. పంట రుణానికి బ్యాంకు గుమ్మం ఎక్కాలన్నా ఈ కాగితమే కావాలి. వేరుశనగ విత్తే అదును దాటిపోయాక పహణి చేతికొస్తే ఏం లాభం? పదిహేను రూపాయల కౌంటరు రైతుకు నిజంగానే పెద్ద వెసులుబాటు. విమర్శలు తర్వాత వస్తాయి. ముందు ఈ మాట ఒప్పుకోవాలి.

ఆ కౌంటరు కట్టుదిట్టాలు చూస్తే, రాసినవాళ్లు గుమాస్తా స్వభావం బాగా ఎరిగినవాళ్లని తెలుస్తుంది. బల్ల మీద రెండు తెరలు: ఒకటి ఆపరేటరు వైపు, రెండోది రైతు వైపు. లోపల ఏం జరుగుతోందో ఎదురుగా కనిపిస్తుంది. ఉద్యోగి లోపలికి పోవాలంటే వేలిముద్ర వేయాలి. పాస్‌వర్డు ఇంకొకరికి చెప్పి టీకి వెళ్లిపోయినట్టు వేలు ఇచ్చి వెళ్లడం కుదరదు. ఎవరు ఏ మార్పుకు ముద్ర వేశారో నమోదవుతుంది, నాది కాదని తర్వాత తప్పించుకోలేరు. అన్నిటికంటే ముఖ్యం, మ్యుటేషన్ అర్జీలు, అంటే రికార్డులో పేరు మార్చమనే అర్జీలు, వచ్చిన వరసలోనే కదలాలి. ముందొచ్చిన అర్జీ తేలకుండా వెనకదాన్ని తెరవడానికి యంత్రం ఒప్పుకోదు. ముందు నోటీసు, ముప్పై రోజుల గడువు, అభ్యంతరాలు, ఆ తర్వాత ఉత్తర్వు.

చిక్కబళ్లాపురంలో 1986లో పెట్టిన ఎస్‌జేసీ ఇంజనీరింగ్ కళాశాల కుర్రాళ్లు కంప్యూటర్ సైన్సు రెండో ఏడులో డేటా స్ట్రక్చర్స్ పాఠంలో ఇదే చదువుతారు: క్యూ, ముందు వచ్చింది ముందు పోవాలి. బోర్డు మీద నాలుగు గడులు గీసి, ఒక చివర చేర్చి ఇంకో చివర తీయడమంటే చప్పగా ఉంటుంది. అదే సూత్రం తాలూకా ఆఫీసులో తహసీల్దారు చెయ్యి పట్టుకుని ఆపుతోందని చెబితే పిల్లలు నిటారుగా కూర్చుంటారేమో. ఆ పాఠాన్ని అలా చెప్పకపోవడం మన కంప్యూటర్ చదువుల పెద్ద లోటు. క్యూకు ఉదాహరణ అనగానే సినిమా టికెట్ల వరసే వస్తుంది. కాలేజీకి నాలుగు అడుగుల దూరంలో తాలూకా ఆఫీసు ఉన్నా ఎవరికీ గుర్తు రాదు.

మరి ఆ అచ్చు పహణి ఏ భాషలో? కన్నడంలోనే. కౌంటరు దగ్గర మాట తెలుగు, చేతికొచ్చే కాగితం కన్నడం. శానుభోగుల కాలం నుంచీ ఇదే తీరు కాబట్టి దీన్ని ఎవరూ వింతగా చూడరు. వింతంతా యంత్రం లోపల ఉంది. 1980ల్లో ఐఐటీ కాన్పూరులోనూ, తర్వాత పుణేలోని సీడాక్‌లోనూ భారతీయ లిపులను కంప్యూటర్లోకి తెచ్చినవాళ్లు ఒక ముఖ్యమైన నిర్ణయం తీసుకున్నారు. మన లిపులన్నిటిదీ ఒకే వర్ణక్రమం కనుక అన్నిటికీ ఒకే సంకేతాలు చాలన్నారు. దాని పేరు ఇస్కీ. 1991లో అది భారతీయ ప్రమాణమైంది. ఆ పద్ధతిలో దాచిన మాటను ఒక మీట మారిస్తే తెలుగులో చూడొచ్చు, ఇంకో మీటతో కన్నడంలో చూడొచ్చు. దానికి ముందు రూపమైన 1988 నాటి ఇస్కీ ఆధారంగా ప్రపంచ ప్రమాణం యూనికోడ్ మన లిపులకు స్థలాలు కేటాయించింది. ఒక్కో లిపికి 128 గదులు. తెలుగు అయిపోయిన చోటే కన్నడం మొదలు. తెలుగు 'క' అంకె 3093, కన్నడ 'క' అంకె 3221. తేడా సరిగ్గా 128. 'గ'కు 3095, అటు 3223. అక్షరాల్లో చాలావాటికి ఇదే లెక్క. రైస్ ఏరిన పాత శాసనాల్లో కొన్నిటి లిపి చూసి ఇది కన్నడమా తెలుగా అని తడబడేంత దగ్గరగా ఉంటాయి రెండూ. కంప్యూటరు ఆ ఇరుగుపొరుగుతనాన్ని మధ్యలో గోడ కట్టి మరీ నిలబెట్టింది.

ఆ గోడ వల్ల ఇబ్బందీ ఉంది. తెలుగు పేరు కన్నడ లిపిలో పహణిలో ఒకరకంగా, ఇంగ్లీషులో ఆధార్‌లో ఇంకోరకంగా, బ్యాంకు పుస్తకంలో మూడోరకంగా పడుతుంది. వెంకటరమణప్ప ఒకచోట వెంకటరమణ, ఇంకోచోట వెంకటరవణప్ప. మనుషులకు అడగకుండానే తెలిసిపోయే సంగతి యంత్రానికి తెలియదు. 2018లో కర్ణాటక పంట రుణాల మాఫీ చేసినప్పుడు బ్యాంకు ఖాతా, ఆధార్, రేషన్ కార్డు, పహణి నాలుగింటినీ కంప్యూటర్లో సరిపోల్చి అర్హులను తేల్చారు. పేరు సరిపోలడమే అక్కడ అసలు పరీక్ష. 2024లో పహణికి ఆధార్ జోడించే పని ఊరూరా పెట్టుకున్నప్పుడూ మళ్లీ అదే చిక్కు.

భూమి పథకానికి బహుమతులు, ప్రశంసలు వస్తున్న రోజుల్లోనే 2007లో సోలమన్ బెంజమిన్, ఆయన సహచరులు ఒక పరిశోధన పత్రం వేశారు. వాళ్ల వాదన సూటిగా ఉంటుంది. లంచం పోలేదు, ఊరి నుంచి తాలూకాకు చేరింది, రేటు పెరిగింది. తొమ్మిది వేల చేతుల్లో ఉన్న రాత 177 చోట్లకు కుదించుకుపోయింది. ఎక్కడ ఎవరి భూమి ఎంత ఉందో ఒక్కచోట తెలిసిపోవడం చిన్న రైతు కంటే పెద్ద కొనుగోలుదారుకే ఎక్కువ లాభం చేసింది. ఐటీ కారిడార్‌కు, బెంగళూరు చుట్టుపక్కల భారీ భూసేకరణలకు దారి సుగమం చేసింది. ఇందులో ప్రతి మాటా ఒప్పుకోనక్కర్లేదు. ఊరి లెక్కాధికారి ఏలుబడిని మరీ తీపిగా తలుచుకున్నట్టు అక్కడక్కడ అనిపిస్తుంది. అయినా ముఖ్యమైన సంగతి వాళ్లే ముందు పట్టుకున్నారు: వెతకడం సులువైతే, వెతికే తీరిక, డబ్బు ఉన్నవాడికే ముందు ఫలితం అందుతుంది. బాగేపల్లి తాలూకా మారుమూల చేళూరు వైపు రైతుకు, లెక్కాధికారి ఇంటికి నడిచిపోయే బదులు టౌనుకు బస్సు ఎక్కాల్సి వచ్చిందన్నదీ నిజమే. తర్వాత హోబళి స్థాయిలో, అంటే తాలూకాలోని కొన్ని ఊళ్ల గుంపుకు ఒకటిగా, నాడకచేరీ ఆఫీసులు వచ్చాయి, పహణి ఇంటర్నెట్లో దొరకడం మొదలైంది. చేళూరు తానే తాలూకా కేంద్రమైంది.

చదువు సంగతికి వస్తే, ఈ నేలకు పెద్ద పేరే ఉంది. చిక్కబళ్లాపురం పక్క ముద్దేనహళ్లిలో 1861లో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య తెలుగింటి బిడ్డ. పూర్వులు ప్రకాశం సీమలోని మోక్షగుండం వాళ్లు. 1903లో పుణే దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన పెట్టించిన తలుపులు నీటి మట్టం చూసి వాటంతట అవే తెరుచుకునేవి, మూసుకునేవి. మనిషి తాకకుండా యంత్రమే నిర్ణయం తీసుకునే ఏర్పాటు అది. దివానుగా ఉండగా 1917లో బెంగళూరులో ఇంజనీరింగ్ కళాశాల పెట్టించాడు. 1998లో ఆయన పేరుతో వచ్చిన సాంకేతిక విశ్వవిద్యాలయానికి బెళగావి కేంద్రమైనా, ముద్దేనహళ్లిలోనూ దాని స్నాతకోత్తర కేంద్రం నడుస్తోంది. చింతామణి తాలూకా కైవారంలో తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పిన నారాయణ తాతయ్య ఆశ్రమాన్ని పోషించిన ఎం. ఎస్. రామయ్యే, 1962లో బెంగళూరులో తన పేరిట ఇంజనీరింగ్ కళాశాల పెట్టాడు. 2023లో కర్ణాటక ఉన్నత విద్యామంత్రి అయిన ఎం. సి. సుధాకర్ చింతామణి శాసనసభ్యుడు. 2024–25 నుంచి సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ సీట్ల పరిమితి ఎత్తేయడంతో బెంగళూరు కళాశాలల్లో కంప్యూటర్ సైన్సు సీట్లు పెంచుకునే పోటీ మొదలైంది. సివిల్, మెకానికల్ శాఖలు వెలవెలబోతున్నాయి. విశ్వేశ్వరయ్య చదివింది సివిల్ ఇంజనీరింగే.

చదువుకున్న పిల్లలు వెళ్లేది మాత్రం దక్షిణానికే. చిక్కబళ్లాపురం నుంచి బెంగళూరు అరవై కిలోమీటర్లు, బాగేపల్లి నుంచి వంద. హైదరాబాదుకూ బెంగళూరుకూ మధ్య రాత్రి బస్సులన్నీ బాగేపల్లి మీదుగానే పోతాయి. రెండు ఐటీ నగరాలను కలిపే దారి, మధ్యలో ఉన్న ఊరికి టోల్‌గేటు. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో అడుగుపెట్టినప్పుడు ఈ తాలూకాల్లో ఎవరూ గమనించి ఉండరు. 2008లో దేవనహళ్లి విమానాశ్రయం తెరిచాక మాత్రం గమనించక తప్పలేదు, ఎకరం ధర దానంతట అదే చెప్పింది. 2020లో భూసంస్కరణల చట్టాన్ని సవరించి వ్యవసాయదారులు కానివాళ్లూ పొలాలు కొనొచ్చన్నాక, నంది కొండ చుట్టూ సర్వే నంబర్లు బెంగళూరు ఉద్యోగుల ఫోన్లలోకి ఎక్కాయి.

ఫోన్లంటే గుర్తొచ్చింది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే ఒక్క తెలుగు అక్షరం సందేశంగా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి. ఆ నెలలోనే యాపిల్ సవరణ విడుదల చేసింది. ఏడేళ్ల తర్వాత, 2025లో, ఆ ఐఫోన్లే దేవనహళ్లి తాలూకాలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో తయారవడం మొదలైంది. తెలుగు వినపడే నేలకు అంచున.

అదే దేవనహళ్లి తాలూకా చన్నరాయపట్న హోబళిలో 13 ఊళ్ల రైతులు మూడేళ్లకు పైగా ధర్నా చేశారు. విమానయాన పార్కు కోసం 1,777 ఎకరాలు తీసుకుంటామన్న ప్రభుత్వం 2025 జూలై 15న వెనక్కి తగ్గింది. వాళ్ల చేతుల్లో ఉన్న ఆయుధం ఆ అచ్చు పహణే. సేకరణ నోటీసుల్లో సర్వే నంబర్లు ఏ డేటా నుంచి వచ్చాయో, మా భూమి మాది అని వాళ్లు చూపింది కూడా ఆ డేటాలోని కాగితమే. బెంజమిన్ బృందం చూసింది ఒక ముఖం, ఇది రెండో ముఖం.

పొలాల గట్లు మాత్రం కంప్యూటర్లోకి అంత తేలిగ్గా రాలేదు. పేర్లు, అంకెలు ఎక్కించడం ఒక ఎత్తు, కొలతల పటాలు ఇంకో ఎత్తు. సర్వే నంబరులో కొంత భాగం అమ్మాలంటే ముందు సర్వేయరు వచ్చి కొలిచి నక్షా ఇవ్వాలన్న నియమం భూమి కొలతల 'మోజిని' పథకంతో వచ్చింది. దాంతో సర్వేయరు కోసం ఎదురుచూపులు మొదలయ్యాయి. రాసే చెయ్యి ఇప్పుడు కొలిచే చెయ్యి అయింది. దాని కంటే మొండిది పౌతి ఖాతా, అంటే చనిపోయినవాళ్ల పేరు మీదే ఉండిపోయిన ఖాతా. తాత పోయి ఎన్నో ఏళ్లయినా పహణిలో తాతే యజమాని. మనవళ్లు గట్లు వేసుకుని దున్నుకుంటున్నారు, అన్నదమ్ముల మధ్య మాట కుదరక కాగితం కదలదు. దీన్ని తేల్చడానికి ఆన్‌లైన్ పౌతి ఉద్యమమని 2025లో రెవెన్యూ శాఖ ఇంకోటి తెచ్చింది. తాలూకా ఆఫీసుల రికార్డు గదుల్లో చెదలకూ తేమకూ వదిలేసిన పాత పుటలను స్కాన్ చేసే 'భూ సురక్ష' పని కూడా జిల్లాలకు పాకింది. శిథిలమైన కాగితాన్ని ఎంతో జాగ్రత్తగా తిప్పుతూ, ఒక్కో పుటకు ఫోటో తీసి, నంబరు వేసి, వెతికితే దొరికేలా పెడతారు. రైస్ చేసిన పనే, ఈసారి కాగితం మీద.

2025 జూలైలో నంది కొండ మీద జరిగిన మంత్రివర్గ సమావేశం బాగేపల్లికి భాగ్యనగర అని పేరు మార్చడానికి ఆమోదం తెలిపింది. పాత కాలంలో అయితే బోర్డు మార్చి, ముద్ర మార్చి ఊరుకునేవారు. ఇప్పుడు పహణి, రిజిస్ట్రేషన్, ఆధార్, రేషన్, విద్యుత్తు, బ్యాంకు, అన్నిచోట్లా ఒకే తాలూకాకు రెండు పేర్లు కొంతకాలం తిరగాలి. ఊరి పేరుకూ వెంకటరమణప్ప గతే.

ఇంత జరిగాక గ్రామ లెక్కాధికారి ఏమయ్యాడు? పోలేదు. ఇప్పుడాయన హోదా గ్రామ పరిపాలనాధికారి. పంట సర్వే ఆయనే, ఆధార్ జోడింపు ఆయనే, పౌతి విచారణ ఆయనే, వరదొస్తే నష్టం ఫోటో తీసి ఎక్కించేది ఆయనే. ఒక్కో పనికి ఒక్కో యాప్. 2024 సెప్టెంబరులో కర్ణాటక అంతటా గ్రామ పరిపాలనాధికారులు పని మానేసి తాలూకా కార్యాలయాల ముందు కూర్చున్నారు. వాళ్ల కోరికల పట్టీలో బదిలీలు, పదోన్నతులతో పాటు కొత్త సంగతి ఒకటి ఉంది: ఇన్నిన్ని యాప్‌లలో పని చేయమంటున్నారు, చేయడానికి ఫోను మాదే, ఇంటర్నెట్టు ఖర్చూ మాదే, కూర్చోవడానికి బల్ల, ల్యాప్‌టాప్ అయినా ఇవ్వండి. 2025 ఫిబ్రవరిలో మళ్లీ సమ్మె చేశారు. ఆ తర్వాత ప్రభుత్వం వాళ్లకు ల్యాప్‌టాప్‌లు పంచడం మొదలుపెట్టింది.